జెప్పెలిన్ కొండ మీద గాలి కాపలా

మొదటి రోజు

నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగ్‌ఇయర్‌బియెన్‌లో చిన్న విమానం ఎక్కకముందే చెప్పారు, ఫోన్లో వైఫై, బ్లూటూత్ ఆపేయమని. దిగాక కూడా ఆన్ చేయకూడదట. మేం వెళ్తున్న న్యూ-ఓలెసుండ్ ఊళ్లో ఆకాశం అవతలి నుంచి వచ్చే అతి సన్నని రేడియో తరంగాలను వినే పెద్ద డిష్‌లు ఉన్నాయి. చుట్టూ 20 కిలోమీటర్ల వరకు మన పరికరాలు సద్దు చేయకూడదు. ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ కావాలంటే తీగ గుచ్చుకోవాల్సిందే.

విమానంలో పద్నాలుగు సీట్లు. ప్రయాణం అరగంట కూడా లేదు. కిందకి చూస్తే నల్లటి కొండలు, వాటి మధ్య సముద్రంలోకి దిగుతున్న మంచు నదులు. చెట్టన్నది ఒక్కటీ లేదు. స్వాల్‌బార్డ్ దీవుల్లో ఈ ఊరు 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి ధ్రువం సుమారు 1,230 కిలోమీటర్లు.

నా పని ల్యాబ్‌లో. ఎవరో ఎక్కడో పట్టిన గాలి ఒక స్పాంజి ముక్కలో చిక్కుకుని నా బల్ల మీదికి వస్తుంది. అందులో ఏ విషం ఎంత ఉందో కొలిచి అంకె రాస్తాను. అలా ఏళ్లు గడిచాయి గానీ, గాలి పట్టే చోటు ఎలా ఉంటుందో దగ్గరగా చూడలేదు. ఈ జూలైలో మన దేశపు ఆర్కిటిక్ బృందంతో వచ్చే అవకాశం దొరికింది. ఊరి వెనక కొండ మీద ఉన్న జెప్పెలిన్ పరిశీలన కేంద్రాన్ని చూడటానికి అనుమతి కూడా వచ్చింది.

మేం కొలిచేవాటిని మా వాళ్లం పాప్స్ అంటాం. ఏళ్ల తరబడి చెక్కుచెదరని సేంద్రియ కాలుష్యాలు. పురుగుమందులుగా వాడిన డీడీటీ, లిండేన్, హెచ్‌సీబీ, పాత విద్యుత్ పరికరాల్లో ఉండే పీసీబీలు, మంటల్లో పుట్టే డయాక్సిన్లు, ఇలా. వీటికి నాలుగు గుణాలు. త్వరగా నశించవు, కొవ్వులో పేరుకుంటాయి, ప్రాణులకు చేటు చేస్తాయి, పుట్టిన చోట ఉండవు. చివరిది నాకు అన్నిటికంటే భయం. ఎండకు నేల మీంచి ఆవిరై లేస్తాయి, చల్లబడితే దిగుతాయి, మళ్లీ వేడెక్కితే లేస్తాయి. ఇలా గెంతుతూ గెంతుతూ చలిదేశానికి చేరతాయి. అక్కడ మళ్లీ లేచేంత వేడి ఉండదు గనుక చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

బస హిమాద్రిలో. 2008 జూలై 1న మొదలైన మన కేంద్రం. భోజనం మాత్రం ఊరందరికీ ఒకే హాల్లో. రాత్రి పన్నెండింటికి కిటికీ తెర తీసి చూశాను. ఎండ మిట్టమధ్యాహ్నంలా కాయకపోయినా, పొద్దు గూకే ముందు ఉండేంత బంగారు రంగులో కొండ మీద పడి ఉంది. నిద్ర సరిగా పట్టలేదు.

రెండో రోజు

పొద్దునంతా భద్రతా శిక్షణ. ఊరి సరిహద్దు దాటితే ధ్రువపు ఎలుగుబంటి ఎదురుపడొచ్చు. అందుకే తుపాకీ, మెరుపు తూటాలు, అవి వాడటం తెలిసిన మనిషి, ఈ మూడూ లేకుండా బయటికి వెళ్లకూడదు. ఊళ్లో ఇళ్ల తలుపులకు తాళాలు వేయరు. ఎలుగు వస్తే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరగలగాలి కదా.

మధ్యాహ్నం ఊరు తిరిగాను. ఒకప్పుడిది బొగ్గు గనుల ఊరు. 1962లో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయారు, ఆ తర్వాత గని మూసేశారు. బొగ్గు లాగిన చిన్న రైలు ఇంజను ఇంకా అలాగే నిలబెట్టి ఉంది. ఊరి అంచున ఒక ఇనుప స్తంభం కనిపిస్తుంది. 1926 మేలో ధ్రువ అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం నోర్గే అనే గాలి ఓడలో ధ్రువం మీదుగా వెళ్లడానికి బయల్దేరినప్పుడు, ఆ ఓడను దీనికే కట్టారు. చైనా కేంద్రం ముందు రెండు రాతి సింహాలు. దారి పొడవునా గుడ్లు పొదిగే ఆర్కిటిక్ టెర్న్ పక్షులు. దగ్గరికి వెళ్తే నెత్తి మీద పొడుస్తాయి, అందుకని అందరూ ఒక కర్ర తల పైకెత్తి పట్టుకుని నడుస్తున్నారు. నేనూ పట్టుకున్నాను.

ఎటు నిలబడినా కన్ను ఆ కొండ మీదికే పోయింది. పై అంచున చిన్న తెల్ల మబ్బు, దాని పక్కన అగ్గిపెట్టెంత ఇల్లు. అదే జెప్పెలిన్ కేంద్రం.

మూడో రోజు

స్టేషన్ ఇంజనీరు పొద్దున్నే వచ్చి మొదట అడిగిన మాట, "ఇవాళ డియోడరెంట్ గానీ, క్రీములు గానీ వాడారా?"

చలికి చేతులు పగులుతున్నాయని పడుకోబోయే ముందు క్రీము రాసుకున్నాను. అదే చెప్పాను. "అయితే ఒక పరికరం దగ్గరికి మీరు రావద్దు. దూరం నుంచి చూడండి," అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగా. క్రీములు, డియోడరెంట్లు, షాంపూలలో సైలాక్సేన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఇట్టే ఆవిరవుతాయి. ఆ కొండ మీద వాటినీ కొలుస్తారు. రాసుకున్న మనిషి పక్కన నిలబడితే చాలు, ఆ నమూనా పాడైపోతుంది. మా ల్యాబ్‌లో ఇంతకంటే తక్కువ జాగ్రత్త ఏమీ లేదు గానీ, కొండ మీది గాలికి కూడా మడి ఉంటుందని ఇక్కడే చూశాను.

కొండ కింది వరకు బండిలో వెళ్లి, అక్కడి నుంచి కేబుల్ కార్ ఎక్కాం. చిన్న డబ్బా. మనుషులతో పాటు డబ్బాలు, సీసాలు, పనిముట్లు. కొద్ది నిమిషాల్లో ఊరు బొమ్మరిల్లులా అయిపోయింది. కోంగ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయ నీళ్ల మీద తేలుతున్న మంచు ముక్కలు, దూరాన మూడు కిరీటాలు అని పిలిచే మూడు శిఖరాలు. కేంద్రం సముద్రమట్టానికి 474 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తెందుకంటే, ఇక్కడ చల్లగాలి తరచూ కింద మూతపెట్టినట్టు ఉండిపోతుంది. ఊళ్లోని డీజిల్ పొగ ఆ మూత కిందే చాలావరకు తిరుగుతుంది. కొండ మీదికి వచ్చేది ఎక్కువగా ఎక్కడెక్కడి నుంచో ఖండాలు దాటి వచ్చిన గాలి.

బూట్లు విప్పి లోపలికి వెళ్లాం. గోడ పొడవునా పరికరాలు, వాటి హోరు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, పాదరసం, ధూళి, ఇలా ఎన్నో కొలుస్తారు. నేను మాత్రం గాలి లాగే పెద్ద పంపు దగ్గరికే వెళ్లాను. 1993 నుంచి ఇక్కడ పాప్స్ కొలుస్తున్నారు. నేను వృత్తిలోకి రాకముందు నుంచి. ప్రతి వారం నమూనాలు, ఒక్కోదానికి సుమారు 48 గంటల గాలి, అంటే ఒక్కోటి వెయ్యి ఘనపు మీటర్లు దాటుతుంది. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిని తలచుకోండి, అందులోని గాలంతా ఒక్క గొట్టంలోంచి పోతుంది.

ఆ గొట్టంలో ముందు గాజు నారతో చేసిన తెల్లటి వడపోత కాగితం. దుమ్ముకు అంటుకున్న విషాలు దాని మీద ఆగుతాయి. వెనక రెండు ఫోమ్ బిళ్లలు. దిండ్లలో, సోఫాల్లో ఉండే ఫోమ్ లాంటిదే. ఆవిరి రూపంలో ఉన్నవి వాటిలో చిక్కుకుంటాయి. రెండెందుకంటే, మొదటిదాన్ని తప్పించుకుపోయింది రెండోదాంట్లో దొరుకుతుంది. హెచ్‌సీబీ ముఖ్యంగా అలా జారిపోయే రకం. దాని అంకెను చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంజనీరు పంపు ఆపాడు. ఎంత గాలి పోయిందో అంకె రాసుకున్నాడు. చేతికి కొత్త గ్లవ్స్ వేసుకుని, పట్టకారుతో కాగితం ఎత్తి, అల్యూమినియం రేకులో మడిచాడు. ఫోమ్ బిళ్లలను డబ్బాలోకి దించి బిగించాడు. లేబుల్ రాశాడు. కొత్త కాగితం, కొత్త బిళ్లలు పెట్టి, మళ్లీ పంపు ఆన్ చేసి, గాలి ఒక నిలకడకు వచ్చేదాకా మీటర్ వంక చూస్తూ నిలబడ్డాడు. మొత్తం పనికి ఎక్కువసేపు పట్టలేదు. మాట్లాడనేలేదు. ఆ పని మధ్యలో మాట్లాడే మనిషిని నేనూ నమ్మను.

తర్వాత బ్లాంక్. అదేంటంటే, ఒక శుభ్రమైన ఫోమ్ బిళ్లను కొండ మీదికి తెచ్చి, డబ్బా మూత తీసి, మళ్లీ మూసి, గాలి లాగకుండానే వెనక్కి పంపుతారు. దాంట్లో ఏదైనా దొరికితే అది గాలిలోది కాదు, మన చేతులది, డబ్బాది, ల్యాబ్‌ది. బ్లాంక్ చూపించకుండా ఎవరైనా అంకె చెబితే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను. ఎందుకంటే మేం వెతికేది పికోగ్రాముల్లో. గ్రాములో లక్ష కోట్ల వంతు ఒక పికోగ్రాము. ఘనపు మీటరుకు కొన్ని పదుల పికోగ్రాముల హెచ్‌సీబీ ఉంటే, 48 గంటల గాలి మొత్తంలో చిక్కేది ఒక ఉప్పు రేణువులో వెయ్యో వంతు లాంటిది. అంత చిన్నదాన్ని పట్టాలంటే చేతి క్రీము కూడా శత్రువే.

పని అయ్యాక అతను కంప్యూటర్ మీద పాత గ్రాఫ్‌లు చూపించాడు. వాటిలో చాలావరకు నాకు బట్టీ వచ్చినవే. కానీ ఆ గాలి లాగిన చోట కూర్చుని చూడటం వేరు. హెచ్‌సీహెచ్ అనే పురుగుమందులో ఎక్కువ పాళ్లుండే రూపం అల్ఫా-హెచ్‌సీహెచ్. దాని గీత 1990ల తొలినాళ్ల నుంచి కిందకి దిగుతూ వచ్చింది. ఆ దిగడం వెనక ఏమేం ఉన్నాయో తెలిసిన మనిషికి అది గీత కాదు. 1983లో చైనా టెక్నికల్ హెచ్‌సీహెచ్‌ను, అంటే శుద్ధి చేయని ఆ మందును, ఆపేసింది. 1990లో సోవియట్ యూనియన్. 1997లో మనం. మన రైతులు బీహెచ్‌సీ పొడి అన్నది దాన్నే. అందులోంచి లిండేన్ వేరు చేసి అమ్మితే గమాక్సిన్. చీమల బారు మీద చల్లిన ఆ తెల్లటి పొడి, దాని ముక్క వాసన నాకు ఇప్పటికీ గుర్తే. చేత్తోనే చల్లేవాళ్లం. చీమలు చచ్చేవి, పొడి మాయమైపోయేది. ఎక్కడికి మాయమైందో అప్పుడు ఎవరూ అడగలేదు. దాంట్లో కొంత ఇక్కడికి వచ్చింది. 2011లో మన దేశంలో లిండేన్ తయారీని, 2013లో వాడకాన్ని నిషేధించారు. ఆ గీత కిందకి దిగడంలో ఆ సంతకాల చలవ ఉంది. నిషేధాల వల్ల ఏమవుతుంది అనే వాళ్లకు ఈ గ్రాఫ్ చూపించాలనిపిస్తుంది నాకు.

అన్ని గీతలూ అలా లేవు. హెచ్‌సీబీ దిగడం మానేసి, 2000ల తర్వాత కొన్నేళ్లు పైకి లేచింది. దాన్ని పురుగుమందుగా ఎప్పుడో ఆపేశారు గానీ, కొన్ని రసాయనాల తయారీలో, మంటల్లో అది ఇప్పటికీ ఉపఉత్పత్తిగా పుడుతుంది. పైగా సముద్రం మీద మంచు పలచబడే కొద్దీ, నీళ్లలో దాగి ఉన్నది తిరిగి గాలిలోకి లేస్తోంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ఈ కొండ మీది అంకెలను, కెనడాలోని అలర్ట్ కేంద్రం అంకెలను కలిపి చూసి ఈ సంగతే చెప్పింది.

2006 వసంతం దగ్గర అతను ఆగాడు. అక్కడ పీసీబీల గీత ఒక్కసారిగా సూదిలా లేచింది. తూర్పు యూరప్‌లో పొలాల్లో మోళ్లు తగలబెట్టిన పొగ ఆ రోజుల్లో ఈ కొండదాకా వచ్చింది. ఎప్పుడో మట్టిలో, ఆకుల మీద కూర్చున్న పీసీబీలు ఆ మంట వేడికి మళ్లీ లేచి పొగతో పాటు ప్రయాణం చేశాయి. పొలం తగలబెట్టిన రైతుకు తెలియదు, ఆ మంట ఎన్నేళ్ల నాటి విషాన్ని లేపిందో.

నాలుగో రోజు

పొగమంచు. కొండ కనిపించలేదు. కేబుల్ కార్ నడవదన్నారు. ఎటూ నమూనా ఇంకా నడుస్తోంది గనుక నష్టం లేదు.

భోజనాల హాల్లో మన బృందంలోని ఒకతను, గ్లేసియర్ల మీద పనిచేసే కుర్రాడు, అడిగాడు: "మనుషులే లేని చోట ఈ కొలతలు ఎందుకండీ?" మంచి ప్రశ్న. అతనికి చెప్పిన కథే ఇక్కడా రాస్తాను.

1980లలో కెనడాలోని క్యూబెక్‌లో ఎరిక్ డెవాయి అనే వైద్యుడు తల్లిపాలలో పీసీబీలను కొలుస్తున్నాడు. దక్షిణాన పరిశ్రమలున్న ప్రాంతాల తల్లుల పాలతో పోల్చడానికి, ఏ మచ్చా లేని పాలు కావాలనుకుని ఉత్తరాన నునావిక్‌లోని ఇన్యూట్ అనే ఆదివాసీ తల్లుల నుంచి నమూనాలు తెప్పించాడు. అవే ఎక్కువ ఉన్నాయని తేలింది. దక్షిణాది తల్లుల కంటే సుమారు ఐదు రెట్లు. ఇన్యూట్‌లు తినేది సీల్, తిమింగలాల కొవ్వు. గాలిలో పికోగ్రాముల్లో ఉన్నది నీళ్లలోని నాచులోకి, నాచు నుంచి చేపలోకి, చేప నుంచి సీల్‌లోకి పోయేటప్పటికి మెట్టు మెట్టుకూ పేరుకుంటుంది. చివరి మెట్టు మీద ఎలుగుబంటి, మనిషి, పాలు తాగే పసిబిడ్డ.

2001 మేలో పాప్స్‌ను ఆపడానికి దేశాలన్నీ కలిసి స్టాక్‌హోమ్ ఒప్పందం రాసినప్పుడు పీఠికలోనే ఆర్కిటిక్ ప్రజల ప్రస్తావన ఉంది. 2004 మే 17న అమల్లోకి వచ్చింది. మన దేశం 2006 జనవరిలో ధ్రువీకరించింది. మొదట పన్నెండు పదార్థాలు, ఇప్పుడు ముప్పై దాటాయి. ఒప్పందం పనిచేస్తోందా లేదా అని ఎప్పటికప్పుడు తేల్చడానికి రెండు చోట్ల ప్రధానంగా చూస్తారు, గాలిలో, మనుషుల పాలు లేదా రక్తంలో. గాలి ముందుగా చెబుతుంది, పాలు ఆలస్యంగా చెబుతాయి. అంచేత మనుషులు లేని చోట గాలి కొలవడం మనుషుల కోసమే.

కుర్రాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "మరి కరెంటు లేని చోట ఎలా కొలుస్తారు?" రెండు స్టీలు గిన్నెలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, మధ్యలో ఫోమ్ బిళ్ల పెట్టి వేలాడదీస్తారు. పంపు ఉండదు. గాలే వచ్చి తగిలి పోతుంది. మూడు నెలలు అలా ఉంచుతారు. అంకె అంత కచ్చితంగా రాదు, కానీ ఎడారిలో, అడవిలో, దీవిలో ఎక్కడైనా పెట్టొచ్చు. 2004 చివర్లో కెనడా వాళ్లు మొదలుపెట్టిన ప్రపంచ వ్యాప్త పని ఈ గిన్నెల మీదే నడుస్తోంది. ఒక ప్రాంతం మొత్తం పటం గీయాలంటే ఈ గిన్నెలే దారి. ముప్పై ఏళ్ల గీత గీయాలంటే కొండ మీది పంపే కావాలి. నాకు రెండూ కావాలి.

ఐదో రోజు

మంచు విడిపోయింది. రాత్రి క్రీము రాసుకోలేదు, సబ్బు కూడా వాసన లేనిది వాడాను. కొండెక్కాక ఈసారి నమూనా దించేటప్పుడు అతను పట్టకారు నా చేతికిచ్చాడు. కాగితం మీద ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. కొద్దిగా బూడిద రంగు, అంతే. ఇంత శుభ్రమైన కాగితాన్ని ల్యాబ్‌లో చూసినప్పుడు ఖాళీ అనుకునేవాళ్లం. మడతపెట్టి రేకులో చుట్టేటప్పుడు వేళ్లు కొంచెం వణికాయి. చలికి మాత్రమే కాదు.

మధ్యాహ్నం పడవలో ఫియోర్డ్‌లోకి వెళ్లాం. 2014లో మన వాళ్లు ఈ నీళ్లలో ఇండ్‌ఆర్క్ అనే పరికరాల గొలుసు దించారు. నీటి వేడిమి, ఉప్పదనం, ప్రవాహం ఏడాది పొడవునా రాసుకుంటుంది. పడవ నడుపుతున్నామె మంచుగోడకు దూరంగా ఆపింది. ఉరుములాంటి చప్పుడుతో ఒక ముక్క విరిగి పడింది. అల రావడానికి కొంత సమయం పట్టింది.

ఆ నీళ్ల మీద ఊగుతూ నేను హెచ్‌సీహెచ్ గురించే ఆలోచించాను. చల్లటి నీళ్లకు అదంటే ఇష్టం. దశాబ్దాల పాటు గాలిలోంచి తాగేసి దాచుకున్నాయి. వాడకం ఆగి గాలిలో తగ్గగానే, 1990ల మొదట్లో బేరింగ్, చుక్చీ సముద్రాల్లో దిశ మారింది. సముద్రం తాగడం మానేసి వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే మనం అప్పు ఆపేసినా, పాత బాకీ వసూలవుతూనే ఉంది. ఈ మంచుగోడలో కూడా ఆ కాలపు మంచు పొరలు ఉన్నాయి. అవి కరిగే కొద్దీ అందులో ఉన్నది ఈ నీళ్లలోకే.

అన్నీ దూరం నుంచే వచ్చాయంటే నిజం కాదు. స్వాల్‌బార్డ్‌లోని పాత గనుల ఊళ్లు పిరమిడెన్, బారెంట్స్‌బర్గ్‌లలో పెయింట్లలో, పాత విద్యుత్ పరికరాల్లో పీసీబీలు ఉన్నట్టు తేలింది. వాటిని ఏరి తీసే పని కూడా జరిగింది. గాలి ఎటు నుంచి వచ్చిందో లెక్కకట్టకుండా ఏ దేశం మీదా వేలు చూపించకూడదని అందుకే అంటాను.

తిరిగి వచ్చేటప్పుడు పడవ నడిపే ఆమె అడిగింది, మీ దేశంలో ఇప్పుడు ఏం చల్లుతున్నారు అని. క్లోరోపైరిఫాస్ పేరు చెప్పాను. 2025 మేలో అది కూడా స్టాక్‌హోమ్ జాబితాలోకి చేరింది. వరి, పత్తి వేసే మన రైతుల్లో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆర్కిటిక్‌లో అది ఇదివరకే దొరికింది. ఆమె తలూపింది, ఇంకేమీ అడగలేదు.

ఆరో రోజు

తిరుగు విమానం సాయంత్రం. పొద్దున ఇంజనీరుకు వీడ్కోలు చెప్పడానికి వెళ్తే, అతను నమూనాల డబ్బా సర్దుతున్నాడు. రేకులో చుట్టిన కాగితం, ఫోమ్ బిళ్లలు, బ్లాంక్, అన్నీ చల్లటి పెట్టెలో. ఓస్లో దగ్గర షెల్లర్‌లోని ల్యాబ్‌కి వెళ్తాయి. అక్కడ ఎవరో వాటిలో కార్బన్-13 అనే బరువైన కార్బన్‌తో గుర్తు పెట్టిన అవే పదార్థాల ద్రావణం చుక్కలు వేసి, ద్రావకంలో గంటల తరబడి నానబెట్టి, ఆమ్లంతో కడిగి, యంత్రంలోకి ఎక్కిస్తారు. చివరికి అంకె వస్తుంది. ఎవరి బల్ల మీదికి వస్తుందో ఆ మనిషి ఈ కొండను చూసి ఉంటారో లేదో.

లేబుల్ మీద నా చేతివ్రాత ఉంది, తేదీ, మొదలైన గంట, ముగిసిన గంట. ఏడు అంకె మన అలవాటు ప్రకారం అడ్డగీత లేకుండా రాశాను. అతను పెన్ను తీసుకుని ఒకటితో పొరబడకుండా దానికి చిన్న అడ్డగీత గీశాడు. పెట్టె మూత బిగించి, "వచ్చే వారం నమూనాకు కాగితాలు తీసి పెట్టుకోవాలి," అని లోపలికి వెళ్లాడు.